నాజిలు ఆగాక ఇక పోయించరాదు

కలిదిండి, కైకలూరు ప్రాంతాల్లో కారును ఇప్పుడెవరూ విలాస వస్తువుగా చూడడం లేదు. చెరువు గట్టుకు మేత బస్తాలు చేరవేసేదీ అదే, పురిటి నొప్పులు వచ్చిన ఆడపిల్లను భీమవరం ఆసుపత్రికి చేర్చేదీ అదే. అటువంటి కారులో పెట్రోలు పోయించుకుని బంకు దాటిన కాసేపటికే గుప్పున వాసన వస్తుంటే, “ఇప్పుడే పోయించాం గదా, వస్తుందిలే” అని అద్దాలు దించుకుని పోతున్నవారు చాలామంది. ఇది మంచి పద్ధతి కాదు. అన్నీ సవ్యంగా ఉన్న కారులో లోపల కూర్చున్నవారికి పెట్రోలు వాసన తగలకూడదు. అంబాసిడర్ల రోజుల్లో కొంత వాసన మామూలే అనుకునేవారు. ఆ అలవాటు మనలో ఇంకా పోలేదు.

చాలాసార్లు ఈ వాసన బంకు దగ్గరే మొదలవుతోంది. నాజిలు దానంతట అది టక్కున ఆగిన తరువాత కూడా “ఇంకొంచెం కొట్టు బాబూ” అంటాం. మైలేజీ లెక్కకనో, చిల్లర గొడవ లేకుండా రూపాయలు సరిచేయడానికనో మళ్లీ మళ్లీ నొక్కించి మూతి దాకా నింపిస్తాం. కుర్రవాడు కాదనడు. అసలు ఆ నాజిలు ఎందుకు ఆగిందో ఆలోచించం. దాని కొసన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పోస్తున్నంతసేపూ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి లాగుకుంటూ ఉంటుంది. పెట్రోలు పైకి వచ్చి రంధ్రాన్ని కప్పేయగానే గాలి అందక లోపలి వాల్వు మూసుకుపోతుంది. ఆ పైన ట్యాంకులో మిగిలే ఖాళీ కావాలని ఉంచిందే. భూమిలోపలి ట్యాంకులో చల్లగా ఉన్న పెట్రోలు మన ఎండకు వేడెక్కి ఉబ్బుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే 40 లీటర్లకు సుమారు 400 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది. దానికి చోటు లేనప్పుడు ఆవిరి పోయే గొట్టంలోకి ఎగదన్నుతుంది.

ఆ గొట్టం చివర బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది. మెకానిక్కులు కానిస్టరు అంటారు. ట్యాంకులో పుట్టే ఆవిరిని ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు ఆ ఆవిరి ఇంజనులోకి వెళ్లి మండిపోతుంది. ఆవిరికి బదులు పెట్రోలే వచ్చి బొగ్గును తడిపితే డబ్బా చెడిపోయే ప్రమాదం ఉంది. చిల్లర కలిసిరావాలని పోయించిన నాలుగు చుక్కలకు ఖరీదైన సామాను మార్చుకోవలసి వస్తుంది.

ఇందుకు దృష్టాంతం దూరాన వెతకనక్కరలేదు. 2014 ఏప్రిల్‌లో మారుతి సుజుకి కంపెనీ 1,03,311 కార్లను వెనక్కి పిలిపించింది. అవి 2013 నవంబరు 12, 2014 ఫిబ్రవరి 4 మధ్య తయారైన డిజైర్, స్విఫ్ట్, ఎర్టిగా కార్లు. నాజిలు ఆగే మట్టానికి మించి నింపితే కొన్నింటిలో ఇంధనం వాసన రావచ్చుననీ, బహు అరుదుగా కారవచ్చుననీ కంపెనీయే ప్రకటించి, ఇంధనం పోసే మెడ గొట్టాన్ని ఉచితంగా మార్చింది. కాబట్టి కొత్త కారు వాసన వేస్తుంటే షోరూములో నోటి మాటగా చెప్పి రావడం చాలదు. కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం పుచ్చుకోవాలి. లోపమున్న వాహనాలను వెనక్కి తీసుకోవలసిందని కంపెనీలను ఆదేశించే అధికారాన్ని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కేంద్రానికి ఇచ్చింది. ఫిర్యాదులే లేకపోతే ఆ అధికారం ఎవరికి ఉపయోగం?

పాత కార్ల సంగతి వేరు. వాసన రాగానే మెకానిక్కు దగ్గరకు పరుగెత్తేముందు డిక్కీ తెరిచి చూడాలి. చెరువు మీద జనరేటరుకని తెచ్చిన డీజిలు క్యాను మూత వదులై ఉండవచ్చు. డీజిలు జిడ్డుగా అంటుకుని రోజుల తరబడి వదలదు, పెట్రోలు తడి త్వరగా ఆరిపోతుంది. తేడా అక్కడే తెలుస్తుంది. క్యాను లేకపోతే ట్యాంకు మూత చూడాలి. దాని రబ్బరు వాషరు బీటలు వారిందా, మూత బిగుసుకున్న చప్పుడు వస్తోందా అన్నది ఎవరైనా చూసుకోగలిగిందే. పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు వాషర్లు ముందుగా మార్చవలసి రావచ్చునని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ ఖర్చు మనదేనట!

మూత బాగానే ఉంటే రాత్రి కారు కింద అట్టముక్క పరిచి ఉదయం చూడాలి. నిండుగా పోయించినప్పుడే వాసన వస్తుంటే మెడ గొట్టం, కానిస్టరు చూపించాలి. ట్యాంకు సగమున్నా వస్తుంటే వెనక సీటు కింద పంపు దగ్గరి వాషరును అనుమానించాలి. మన వైపు గొట్టాలకు మరో బెడద ఉంది. ఉప్పునీటి బోర్లతో కార్లు కడుగుతాం, రొయ్యల లారీల నుంచి కారిన నీళ్లలో తిరుగుతాం. ఇనుప గొట్టం వెనక చక్రం పక్కన కనపడకుండా తుప్పు తింటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగదా అనేవారు గమనించాలి, ఆ పరీక్ష సైలెన్సరు పొగకే. ట్యాంకు నుంచి పోయే ఆవిరిని అది పట్టుకోదు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. నేల మీదనే పాకుతుంది. మన ఇళ్లల్లో కారు నిలిపే వరండా పక్కనే వంటగది ఉంటుంది. వాసన వస్తున్న కారును అక్కడ పెట్టరాదు. కారే చోట సబ్బు ముక్క రుద్ది పంపడం కొన్ని షెడ్లలో ఇంకా వాడుకలో ఉంది. దాన్ని నమ్ముకుని పిల్లలను ఎక్కించడం అన్యాయం. ఖాళీ చేశాం గదా అని ట్యాంకుకు వెల్డింగు పెట్టడం అంతకంటే ఘోరం. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే త్వరగా పేలుతుంది.

బంకుల యజమానులు ఒక్క పని చేయాలి. నాజిలు ఆగిన తరువాత పోయబడదని పంపు మీద తెలుగులో బోర్డు పెట్టాలి, కుర్రవాళ్లకు ఆ మాట గట్టిగా చెప్పాలి. కొలత మీద అనుమానంతో ఎక్కువ కొట్టించుకునేవారికి బంకులో ఉండే ఐదు లీటర్ల కొలత పాత్ర ఉండనే ఉంది. అడిగితే మన ముందే కొలిచి చూపించాలి.