ఇసుక పర్మిట్‌లో నీటి లెక్క ఏది?

నాంపల్లి స్టేషన్‌లో దిగి మొజంజాహీ మార్కెట్ వైపు నడిస్తే హౌసింగ్ బోర్డు భవనంలో రాష్ట్ర సమాచార కమిషన్ ఉంటుంది. జిల్లాలో అడిగిన కాగితం జిల్లాలో దొరకని రైతు చివరికి చేరే చోటు అది. మన సభ్యులు కొందరు అక్కడి దాకా వచ్చింది పట్టా కోసం కాదు, పంట నష్టం కోసమూ కాదు. తమ ఊరి వాగులో ఇసుక తీయడానికి ఇచ్చిన అనుమతి కాగితాలు చూపించమని. తిరగ్గా తిరగ్గా చేతికొచ్చిన ఆ కాగితాల్లో ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వాలో ఉంది. సీనరేజీ ఎంతో ఉంది. లారీ ఏ దారిన పోవాలో ఉంది. వాగు ఒడ్డున ఎన్ని బావులున్నాయి, వాటిలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి, తవ్వాక ఎంత దిగుతాయి అన్న మూడు ముక్కలు మాత్రం లేవు.

ఈ నెల మేం మాట్లాడదలచుకున్నది ఆ లేని మూడు ముక్కల గురించే.

వాగులో ఇసుక మేస్త్రీకి సరుకు, రైతుకు గాదె. చెలిమె తీసి నీళ్లు తాగిన తరం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఎండాకాలంలో పైన పొడి ఇసుక, రెండు జానలు తోడితే తేట నీళ్లు. గింజకూ గింజకూ మధ్య సందుల్లో నీళ్లు నిలుస్తాయి. ఎండ తగలదు కాబట్టి త్వరగా ఆవిరి కావు. మంచి ఇసుక పొర తన పరిమాణంలో అయిదో వంతు దాకా నీటిని నింపుకొని మళ్లీ వదలగలదు. లెక్క వేసి చూద్దాం. ఒక హెక్టారు వాగులో ఒక మీటరు లోతు ఇసుక తీస్తే 10,000 క్యూబిక్ మీటర్లు. అందులో అయిదో వంతు 2,000 క్యూబిక్ మీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు. ఎకరం ఆరుతడి పంటకు అర మీటరు నీళ్లు కావాలనుకుంటే సుమారు అంతే అవుతుంది. అంటే హెక్టారు వాగులో ఒక మీటరు ఇసుక పోతే, అది నిండిన ప్రతిసారీ ఒక ఎకరానికి సరిపడే నీటి గాదె పోయినట్టు. లారీలో పోయిన ఇసుకకు ధర కట్టారు. ఈ గాదెకు ధర ఎవరు కట్టారు?

నష్టం అక్కడితో ఆగదు. వాగు అడుగు దిగితే ఒడ్డున బావుల్లో ఊట వాగు వైపు జారుతుంది. ఇరవై గజాల బావి ముందు ఎండుతుంది, తర్వాత బోరు పొగ వదులుతుంది. రైతు ఇంకో బోరు వేస్తాడు. ఆ అప్పు ఇసుక కాంట్రాక్టు లెక్కలో ఎక్కడా కనిపించదు, రైతు ఇంటి లెక్కలోనే ఉంటుంది.

చట్టాలు లేక ఇలా జరుగుతోందా? కాదు. 2002 నాటి వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్టు మూడూ ఉన్నాయి. దాని కింద చేసిన నియమాల ప్రకారం చిన్న వాగుల ఇసుక ఆ ఒడ్డు ఊళ్ల అవసరానికే. యంత్రాలతో ఎత్తి వేరే ప్రాంతానికి తరలించకూడదు. వంతెనలు, ఆనకట్టలకే కాదు, తాగునీటి, సాగునీటి బావులకూ బోర్లకూ 500 మీటర్లలోపు తవ్వకూడదు. మన ఊళ్లలో ఏ వాగు ఒడ్డునైనా నిలబడి చుట్టూ 500 మీటర్లు చూడండి, ఒక్క బోరైనా లేని చోటు దొరుకుతుందా? 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అయిదు హెక్టార్లలోపు ఇసుక తవ్వకాలకు కూడా పర్యావరణ అనుమతి కావాల్సిందేనని చెప్పింది. 2020లో కేంద్రం ఇచ్చిన ఇసుక మార్గదర్శకాలు, వాగులోకి ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందో ముందు కొలవమన్నాయి. ఆ కొలత లేని జిల్లా సర్వే నివేదిక చెల్లదని 2025 ఆగస్టులో జమ్మూ కాశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి చిక్కు ఎక్కడ? ఇసుక గనుల శాఖది, నీళ్లు భూగర్భ జల శాఖవి, వాగు నీటిపారుదల శాఖది, కాలుష్యం సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలిది. 1974 నాటి నీటి చట్టం ప్రధానంగా వదిలే మురుగును చూస్తుంది, బావిలో తగ్గిన నీటిని చూడదు. అయిదు హెక్టార్లలోపు విడి రీచ్‌కు మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ లేదు. కాబట్టి రీచ్‌లు ముక్కలవుతాయి. ఎవరి ఫైలు వారిది. నాలుగు ఫైళ్ల మధ్య రైతు బావి పడిపోయింది.

చెరువుల సంగతి ఇంకా విచిత్రం. 2017 చిత్తడి నేలల నియమాలు దేశంలో చిత్తడి నేలల్ని కాపాడటానికే వచ్చాయి. కానీ వాటి నిర్వచనంలోంచి నదీ పాయల్ని, వరి పొలాల్ని, తాగునీటికీ సాగునీటికీ మనుషులు కట్టిన చెరువుల్ని మినహాయించారు. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. దాదాపు అన్నీ సాగు కోసం కట్టినవే. కాకతీయుల నాటి చెరువైనా, మొన్నటి కుంటైనా, మనిషి చేత్తో కట్టినందుకే చిత్తడి నేల కాకుండా పోయింది. వాగు నదీ పాయ కాబట్టి కాదు, పొలం వరి మడి కాబట్టి కాదు, చెరువు సాగు కోసం కాబట్టి కాదు. ఇక మిగిలిందేమిటి?

బయటి దేశంలో ఒక్క ఉదాహరణ చూద్దాం. కెనడా ఉత్తరాన యూకాన్ ప్రాంతంలో వాగుల ఇసుక, గులకను కడిగి బంగారం తీస్తారు. ఆ తవ్వకాలు వాగు పక్క చిత్తడి నేలల్లోకి పాకాయి. అక్కడ గని హక్కు ఉంటే చాలదు, యూకాన్ వాటర్ బోర్డు నుంచి నీటి లైసెన్సు వేరుగా తీసుకోవాలి. చిత్తడి నేలల్లో ఈ తవ్వకాల సంగతి తేల్చడానికి 2020 అక్టోబరులో ఆ బోర్డు బహిరంగ విచారణ జరిపింది. స్థానిక ఆదివాసీ జాతుల వాళ్లు కూడా వచ్చి మాట్లాడారు. అక్కడ గొడవలు తీరిపోయాయని మేం అనడం లేదు. బంగారం కోసమే అయినా నీటి మాట నీటి బోర్డు ముందు విడిగా విన్నారన్నదే మేం చెప్పేది. మన దగ్గర ఇసుక కోసం ఆ పాటి విచారణ కూడా లేదు.

అయితే పోరాడితే ఫలితం లేదనుకోవద్దు. మానేరు ఒడ్డు గ్రామాల వాళ్లు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి వెళ్లారు. పూడికతీత పేరుతో పర్యావరణ అనుమతి లేకుండా ఇసుక తీస్తున్నారని వాదించి తవ్వకాలు ఆపించారు. సొంత వాగు కోసం రాత్రి బండెక్కి పక్క రాష్ట్రానికి పోవాల్సి రావడం మాత్రం మన పాలనకు గర్వకారణం కాదు. గోదావరి ఒడ్డు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ఉంది. చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ సిఫారసు తప్పనిసరి అంటుంది. అక్కడ ఆదివాసీ సొసైటీ పేరు కాగితం మీద, యంత్రం, లాభం వేరొకరి చేతిలో అన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉంది. సంతకం మనది, సంపాదన వాళ్లది అయితే ఆ గ్రామసభకు అర్థం లేదు.

ఇక మన తప్పు కూడా చెప్పుకోవాలి. ట్రాక్టరు పొలం గట్టు మీదుగా పోనిచ్చి రోజు కూలి కింద డబ్బు తీసుకున్నది మనలో కొందరే. పట్టా భూమిలో ఇసుక మేట తీయిస్తామని చెప్పి వాగులోకి దిగిన వాళ్లనూ చూశాం. ఆ డబ్బు అవసరం ఎందుకొచ్చిందో మాకు తెలుసు. గిట్టుబాటు లేని పంటే ఆ దారి చూపింది. కానీ పైన ఒక రైతు ఒప్పుకుంటే కింద పది మంది బావులు ఎండుతాయి. ఇది ఒకరి ఇష్టానికి వదిలే విషయం కాదు. ఇల్లు కట్టుకునే పేదవాడికి, ఇసుక ఎత్తే కూలీకి మేం వ్యతిరేకం కాదు. ఊరి ఇంటికి ఊరి వాగు ఇసుక, మనుషుల చేత ఎత్తించి, మితంగా తీయడాన్ని ఎవరూ కాదనరు. రాత్రంతా పొక్లెయిన్లు పెట్టి నగరానికి తోలడం వేరు.

అందుకే మేం ప్రభుత్వం ముందు పెడుతున్న డిమాండ్లు ఇవి. ప్రతి ఇసుక అనుమతికి ముందు భూగర్భ జల శాఖ వాగుకు రెండు పక్కలా బావుల నీటిమట్టం కొలిచి ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేకుండా పర్మిట్ చెల్లకూడదు. తవ్వకం జరిగినంత కాలం నెల నెలా మళ్లీ కొలవాలి, నిర్ణయించిన మట్టం దిగిన రోజే తవ్వకం ఆగాలి. జిల్లా సర్వే నివేదిక, పర్యావరణ అనుమతి, రీచ్ సరిహద్దు పటం తెలుగులో పంచాయతీ గోడ మీద ఉండాలి. వాల్టా నియమాల్లోని 500 మీటర్ల హద్దును రాళ్లు పాతి చూపించాలి. కేంద్ర నియమాలు వదిలేసిన చెరువుల్ని, వాగుల్ని రాష్ట్రమే తన చట్టంతో కాపాడాలి. బావి ఎండిన రైతుకు జిల్లా ఖనిజ నిధి నుంచి పరిహారం ఇవ్వాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వాగు ఒడ్డు ఊళ్లలోని గ్రామ కమిటీలు ఈ నెల నుంచే ఒక నోటుబుక్కు పెట్టండి. పది బావులు ఎంచుకోండి. ప్రతి నెల ఒకే తేదీన తాడుకు రాయి కట్టి వదిలి, నీళ్లు ఎన్ని గజాల లోతులో ఉన్నాయో రాయండి. పక్కన రైతు సంతకం, వార్డు సభ్యుడి సంతకం పెట్టించండి. లారీలు వచ్చిన రోజులు కూడా అందులోనే రాయండి. రెండేళ్ల నోటుబుక్కు చేతిలో ఉంటే కలెక్టరు ముందైనా, ట్రిబ్యునల్ ముందైనా మన మాట గాలి మాట కాదు. వాళ్ల కాగితంలో లేని ఆ మూడు ముక్కలు మన కాగితంలో ఉండాలి.