20 బైట్ల బ్యాకప్

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కోచింగ్ సెంటర్ ఫీజుల యాప్ చూసుకునేవాణ్ణి. డేటాబేస్ బ్యాకప్ కోసం చిన్న షెల్ స్క్రిప్ట్ రాశాను. క్రాన్ దాన్ని రోజూ రాత్రి 2 గంటలకు నడిపేది. మైఎస్‌క్యూఎల్‌డంప్ డేటా బయటకు తీస్తుంది, జీజిప్ దాన్ని కుదించి ఫైల్‌గా పెడుతుంది, చివరి లైన్ వారం దాటిన ఫైళ్లను తీసేస్తుంది. మూడే లైన్లు. హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం 'వేర్' పెట్టకుండా 'డిలీట్' కొట్టారు మా టీంలో ఒకరు. ఫీజుల టేబుల్ మొత్తం ఖాళీ. "కంగారేం లేదు, బ్యాకప్ ఉంది" అన్నాను ధీమాగా. ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైళ్లన్నీ వరసగా ఉన్నాయి, తేదీలూ కరెక్టే. సైజు మాత్రం ఒక్కోటీ 20 బైట్లు.

జీజిప్‌కి ఏమీ ఇవ్వకపోయినా అంత ఫైల్ తయారవుతుంది. అంటే ఖాళీ డబ్బాకి వేసిన మూత అన్నమాట!

జరిగిందేమిటంటే, నెల కిందట డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాం. స్క్రిప్ట్‌లో మార్చడం మర్చిపోయాం. డంప్ రోజూ ఫెయిలవుతోంది. కానీ రెండు కమాండ్లను పైప్‌తో కలిపినప్పుడు బాష్ మామూలుగా చివరి కమాండ్ ఫలితమే చూస్తుంది. జీజిప్ పాసైంది కాబట్టి అంతా పాసే. ఆ చివరి లైన్ మాత్రం తన పని బుద్ధిగా చేసుకుంటూ మంచి బ్యాకప్‌లన్నీ తుడిచేసింది. క్రాన్ ఎర్రర్ మెయిళ్లు కూడా పంపింది పాపం, సర్వర్‌లో ఎవరూ తెరవని మెయిల్‌బాక్స్‌కి.

కట్టిన ఫీజు మళ్లీ కట్టమంటే ఆ తల్లిదండ్రులకు ఏం చెప్తాం? టెస్టింగ్ కోసం ఎవరో తీసుకున్న 19 రోజుల పాత కాపీ దొరికింది. మిగతాది రసీదు పుస్తకాలు ముందేసుకుని రెండు రాత్రులు టైప్ చేశాం.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డేటా తుడిచేశారు. సుమారు 300 జీబీ. బ్యాకప్ చూస్తే లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ టూల్ 9.2 కావడంతో అది ఫెయిలవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పే మెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. చివరికి టెస్టింగ్ కోసం ఆరు గంటల ముందు తీసిన కాపీయే ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

అప్పటినుంచి నా స్క్రిప్ట్ ఇలా ఉంటోంది. పైన 'సెట్ -ఈ', 'పైప్‌ఫెయిల్' పెడతాను. ఏ ఒక్క కమాండ్ ఫెయిలైనా అక్కడే ఆగిపోతుంది, డిలీట్ లైన్ దాకా రాదు. మైఎస్‌క్యూఎల్ డంప్ పూర్తయితే చివర్లో 'డంప్ కంప్లీటెడ్' అని రాస్తుంది. ఆ మాట ఉందో లేదో చూశాకే పాతవి తీసేస్తాను. ఒక కాపీ వేరే సర్వర్‌కి వెళ్తుంది. పని అయ్యాక ఫైల్ సైజుతో సహా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. మెసేజ్ రాలేదంటే ఏదో తేడా ఉన్నట్టే. ఫెయిలైతేనే చెప్పమంటే, సర్వరే పడిపోయిన రోజు చెప్పేదెవరు?

అన్నిటికంటే ముఖ్యం, నెలకోసారి ఆ ఫైల్‌ని ఖాళీ డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి, వరుసలు లెక్కపెడతాను. పట్టేది అరగంట.

మీరూ స్క్రిప్ట్ రాసే ఉంటారు. క్రాన్ నడిపిస్తూనే ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో ఫైళ్ల సైజు ఎంతుందో ఈ రాత్రి ఒక్కసారి చూడండి. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ మీద నేనైతే ధీమాగా నిద్రపోవడం మానేశాను.