ద్రౌపదీ ప్రశ్నము – వ్యవహార విచారము

పురాణేతిహాసములలోని మహనీయ స్త్రీలను గూర్చిన ప్రసంగములు సాధారణముగా రెండు మార్గములలో నడచుచుండును. మొదటిది స్తోత్రమార్గము. ఆమె శక్తిస్వరూపిణి, అయోనిజ, పతివ్రతాశిరోమణి యని కైమోడ్చుటతో ప్రసంగము ముగియును. రెండవది కరుణమార్గము. ఆమె పడిన కష్టములను వర్ణించి శ్రోతల కన్నులు చెమర్పజేయుటతో ముగియును. ఈ రెండును దోషములు కావు. కాని వీని నడుమ ఆమె పలికిన మాట యేమి, అందలి యుక్తి యేమి అను విచారము జారిపోవుచున్నది. సభాపర్వమునందలి ద్రౌపది విషయమున ఈ నష్టము మిక్కిలి స్పష్టము.

ద్యూతమున ధర్మరాజు ధనమును, రాజ్యమును, తమ్ములను, పిదప తన్నును ఒడ్డి ఓడెను. అటుపిమ్మట శకుని ప్రేరణచే ద్రౌపదిని ఒడ్డి ఓడెను. దుర్యోధనుడు ప్రాతికామిని పంపి ఆమెను సభకు రప్పింపజూచెను. ఆ క్షణమున ఆమె విలపింపలేదు, శపింపలేదు. ప్రాతికామిని సభకే మరల బంపి ఒక ప్రశ్న అడిగించెను. ధర్మరాజు ముందుగా తన్ను ఓడెనా, లేక తనకంటె ముందు భార్యను ఓడెనా అనునదియే ఆ ప్రశ్న.

ఇది వ్యవహారశాస్త్రమునకు చెందిన వివాదాంశము. మనుస్మృతి అష్టమాధ్యాయమున లెక్కింపబడిన 18 వ్యవహారపదములలో అస్వామివిక్రయ మొకటి. స్వామి కానివాడు చేసిన దానము గాని విక్రయము గాని చేయనట్లే యని అచ్చట నిర్ణయము. దాసునకు స్వతంత్రధనము లేదని గూడ ఆ స్మృతియే చెప్పినది. తన్ను ఓడి దాసుడైనవానికి వేరొకరిపై స్వామ్య మెట్లు నిలుచునని ద్రౌపదీ ప్రశ్నకు తాత్పర్యము. అయితే ధనము లేనివారి పంక్తిలో దాసునితోపాటు భార్యను గూడ ఆ స్మృతియే చేర్చినది. కావున వివాదమునకు ఇరువైపులను స్మృతిబలము కలదు. సులభముగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

దీని వెనుక మరియొక ప్రశ్న గూడ దాగియున్నది. స్వతంత్రుడైనవాడు సైతము భార్యను పణముగా ఒడ్డవచ్చునా? యాజ్ఞవల్క్యుడు ఈయదగినవానిని చెప్పుచు, కుటుంబమునకు విరోధము లేకుండ తన సొత్తు ఈయవచ్చుననియు, భార్యను పుత్రుని మాత్రము ఈయరాదనియు విధించెను. పూర్వమీమాంసలో విశ్వజిద్యాగ విచారమునందు సర్వస్వదానమనగా దేనికి ప్రభువో దానిని మాత్రమే ఇచ్చుట యని, తల్లిదండ్రులు మున్నగు బంధువులు దానద్రవ్యములు కారని సిద్ధాంతము. జైమిని షష్ఠాధ్యాయమునందే స్త్రీకి ధనస్వామ్యమును, యజ్ఞాధికారమును స్థాపించెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను అనుసరించి మూలఘటిక కేతన 13వ శతాబ్దిలోనే ‘విజ్ఞానేశ్వరీయము’ రచించెను. అనగా ఈ విచారమునకు తెలుగున గూడ తావు చిరకాలముగా నున్నది.

సభలో జరిగినదేమి? స్వము లేనివాడు పరస్వమును ఒడ్డజాలడు, అయినను భార్య భర్తకు వశవర్తిని; ధర్మము సూక్ష్మము కావున నిర్ణయింపలేనని భీష్ముడు పలికెను. ధృతరాష్ట్రపుత్రుడైన వికర్ణుడు మాత్రము హేతువులు చూపెను. వ్యసనాసక్తుని చేత ప్రమాణము కాదు, ద్రౌపది ఐదుగురికి సాధారణపత్ని, ధర్మరాజు తాను ఓడిన పిమ్మట ఒడ్డెను, శకుని ప్రేరేపింపగా ఒడ్డెను. కావున ఆమె ఓడబడినది కాదని అతని వాదము. కర్ణుడు దానిని ఖండించెను. ప్రభుత్వము కోల్పోయినవాడు ఒడ్డెను గావున ఆమె దాసి కాదని విదురుడు మొదటనే చెప్పెను. అడిగిన ప్రశ్నకు ఉత్తరమీయని సభ్యులకు పాపభాగము తప్పదని పిదప హెచ్చరించెను. తన్ను ఓడినవాడు ఎవరికి ప్రభువో కురువృద్ధులే తేల్చవలెనని అర్జునుడనెను. తేల్చినవారు లేరు.

వస్త్రములు అక్షయములగుటతో వివాదము తీరినదని కొందరు తలంతురు. ఇది సరికాదు. 1919లో ప్రారంభమై 1966లో ముగిసిన పుణె సంశోధిత ప్రతిలో కృష్ణప్రార్థన మూలపాఠమున లేదు. ప్రచలిత పాఠములలో కలదు. ఏ పాఠమును గ్రహించినను వస్త్రాపహరణానంతరము సభ ఆ ప్రశ్నతోనే మిగిలియున్నది. ద్రౌపది మరల అడిగెను. అద్భుతము మానమును రక్షించినది గాని తీర్పు చెప్పలేదు.

తుదకు దుర్నిమిత్తములకు భీతిల్లి ధృతరాష్ట్రుడు వరములిచ్చెను. మొదటి వరముచే ధర్మరాజునకు, రెండవ వరముచే తక్కిన నలువురకు రథములతో ధనుస్సులతో దాస్యవిముక్తిని ద్రౌపది కోరెను. మూడవ వరమును నిరాకరించెను. తన విముక్తిని ఆమె కోరనేలేదు. కోరినచో తాను దాసినైతినని ఒప్పుకొన్నట్లగును. అడిగిన ప్రశ్నను చివరివరకు విడువని బుద్ధి ఇందు గోచరించును. వరము దయ, తీర్పు ధర్మము. దయ లభించినది, ధర్మనిర్ణయము లభింపలేదు.

ద్రౌపదిని నేటి న్యాయవాదినిగా చిత్రించుట గూడ తగదు. దాస్యవ్యవస్థయే అధర్మమని ఆమె వాదింపలేదు. నాటి ధర్మమును అంగీకరించి, దాని నియమములతోనే దానిని నడుపువారిని నిలదీసెను. ఆమె గొప్పతన మచ్చటనే యున్నది. బయటినుండి చేసిన నిందను సభ ఉపేక్షింపగలదు. తన శాస్త్రమునుండియే లేచిన ప్రశ్నను ఉపేక్షించిన సభ సభ కాజాలదు.

చిత్తూరు ప్రాంతమున ద్రౌపదీ ధర్మరాజుల ఆలయములు పెక్కు కలవు. దినములతరబడి భారతము చెప్పించి, నిప్పులగుండము త్రొక్కి, ఆమెను దేవతగా కొలుచు భక్తులు ఆమె ప్రతిజ్ఞను మరువలేదు. శాస్త్రజ్ఞులు మరువరానిది ఆమె ప్రశ్న. 11వ శతాబ్దిలో నన్నయభట్టు తెలిగించిన సభాపర్వమునుండి భీమప్రతిజ్ఞా పద్యములు కంఠస్థములు కాని తెలుగు విద్యార్థి అరుదు. ఆ క్రోధమునకు కారణమైన వివాదమును పూర్వోత్తరపక్షములతో విప్పి చెప్పగలవాడు అంతకంటె అరుదు. పరీక్షలలో ద్రౌపది పాత్రపోషణమును వ్రాయుమనుటతో తృప్తిపడక, భీష్మ వికర్ణ కర్ణ విదురుల వాదములను స్మృతివాక్యములతో పరిశీలింపుమని అడుగవలెను. సాహిత్యమును, ధర్మశాస్త్రమును, మీమాంసను ఒకే ప్రాంగణమున బోధించు ప్రాచ్యకళాశాలలకు ఇది అసాధ్యము కాదు. ఈ మూటిని కలిపి చదువు అవకాశము ఇతరత్ర దుర్లభము గావున ఇది వారి విధియు నగును.

పూజించుట సులభము, ఉత్తరమిచ్చుట కష్టము. ప్రశ్న అడిగిన స్త్రీని దేవతగా నిలిపి ప్రశ్నను ప్రక్కన బెట్టినచో, నాడు కురుసభలో తలవంచుకొని కూర్చున్న పెద్దలకును నేటి పండితసభకును భేదమేమియు నుండదు.