లేని దేశం పాడిన పాట

మోల్వేనియా ఏ పటంలోనూ కనిపించదు. 2003లో ముగ్గురు ఆస్ట్రేలియా హాస్య రచయితలు దాన్ని తూర్పు ఐరోపాలో సృష్టించి, ఉత్తుత్తి టూరిస్టు గైడు రాశారు. వారిలో ఒకరైన సాంటో సిలారో గాయకుడి వేషం కట్టి, యూరోవిజన్ పాటల పోటీకి ఆ దేశం ఎంట్రీ అంటూ 'ఎలక్ట్రానిక్ సూపర్‌సోనిక్' పాడారు. వచ్చీరాని ఇంగ్లీషు, కాలం చెల్లిన కీబోర్డు మోత. ఇంటర్నెట్‌లో జనం పగలబడి నవ్వారు.

ఆ రోజుల్లో అసలు పోటీలో తూర్పు దేశాలదే హవా. 2001లో ఎస్తోనియా, 2002లో లాత్వియా, 2004లో ఉక్రెయిన్ విజేతలయ్యాయి. 2004 మేలో ఎనిమిది మాజీ కమ్యూనిస్టు దేశాలు ఐరోపా యూనియన్‌లో చేరాయి. కొత్తవారు పనుల కోసం వచ్చిపడతారని పశ్చిమ దేశాల్లో గుబులు. గోవా మూలాలున్న బ్రిటన్ మాజీ మంత్రి కీత్ వాజ్, పుస్తకం తూర్పువారిపై ఉన్న దురభిప్రాయాలను సొమ్ము చేసుకుంటోందని ఆక్షేపించారు.

హాస్యానికి అంత రాద్ధాంతమా అనొచ్చు. కానీ 'సింప్సన్స్' కార్టూన్‌లో అపూ యాసకు నవ్విన అమెరికాలో, బడిలో వెక్కిరింతలు పడింది భారతీయుల పిల్లలే. దేశం కల్పితమైనా, యాస ఎవరో ఒకరిది.

2015లో ఆస్ట్రేలియాయే యూరోవిజన్‌లో అడుగుపెట్టి అయిదో స్థానంలో నిలిచింది. ఐరోపాలో లేని ఆ దేశాన్ని మాత్రం వేదిక అతిథిగా పిలిచింది.