కేటలాగు చరిత్ర కాదు

ఈ మధ్య మన కళాశాలల్లో పాశ్చాత్య సంగీతం వినే విద్యార్థులు కొందరు ఒక పద్ధతి పట్టుకున్నారు. ఒక రాక్ బృందాన్ని ఎన్నుకుంటారు. దాని మొదటి ఆల్బంతో మొదలుపెట్టి, విడుదలైన వరసలో, ఒక్కటీ వదలకుండా చివరిదాకా వింటారు. ఒక బృందం ముగిశాక మరొకటి. ఇదే శాస్త్రీయమైన పద్ధతి అనీ, దీనివల్ల కళాకారుల వికాసమూ, ఆ వికాసం ద్వారా ఒక యుగ చరిత్రా బోధపడతాయనీ వారి వాదం. అభ్యుదయవాదులమని చెప్పుకునే అధ్యాపక మిత్రులు కొందరు దీనికి ‘చారిత్రక దృష్టి’ అని పేరు కూడా పెట్టారు. ఈ వాదంలో సగం నిజం. మిగిలిన సగం అబద్ధం. నిజం పక్కన నిలబడి మాట్లాడుతున్నది గనుక అది మరీ ప్రమాదకరమైన అబద్ధం.

ముందు నిజం సంగతి చూద్దాం. రాక్ సంగీతం యావత్తూ క్షీణిస్తున్న బూర్జువా సంస్కృతి కక్కిన విషమని తోసిపారేసేవారు మనలో ఇంకా ఉన్నారు. వారు వినకుండానే తీర్పు చెబుతారు. కంపెనీలవారు ఏరి కూర్చిన ‘ఉత్తమ గీతాల’ సంపుటాలు మాత్రమే విని, ప్రతిభ ఆకాశం నుంచి ఊడిపడుతుందని నమ్మేవారూ ఉన్నారు. ఈ ఇద్దరికీ వరసగా వినడం మంచి మందు. బీటిల్స్ మొదటి ఆల్బం 1963 మార్చిలో వచ్చింది. అందులోని 14 పాటల్లో ఆరు ఇతరులు రాసినవి. పది పాటలు ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డు చేశారు. 1963, 1964, 1965 సంవత్సరాలలో ఏడాదికి రెండేసి ఆల్బంలు; మధ్యలో విడి రికార్డులు, ఊరూరా కచేరీలు. 1966 ఆగస్టుతో కచేరీ యాత్రలు మానుకున్నారు. స్టూడియోలో పనిచేయడానికి తీరిక దొరికింది. 1967లో ‘సార్జెంట్ పెప్పర్’ వచ్చింది. వరసగా విన్నవాడికి ఇది మహిమగా కనిపించదు; శ్రమగా, ఆ శ్రమకు దొరికిన వ్యవధిగా కనిపిస్తుంది. ఇంతవరకూ నేను ఈ విద్యార్థుల పక్షమే. నేనూ అలాగే వింటాను.

ఐతే, ఆ వరసను పేర్చిందెవరు? బ్రిటన్‌లో 1966లో 14 పాటలతో వెలువడిన ‘రివాల్వర్’ను అమెరికాలో కాపిటల్ కంపెనీ 11 పాటలకు కోసి అమ్మింది, తక్కిన మూడింటిని అంతకుముందే మరో ఆల్బంలో వాడేసుకున్నది. ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ 1967 ఫిబ్రవరిలో విడి రికార్డుగా అమ్ముడుపోయింది గనుక ‘సార్జెంట్ పెప్పర్’లో చేరలేదు. ఆల్బంల వరసలో వినేవాడికి ముందు పుట్టిన ఈ పాట తరువాత వినిపిస్తుంది. ‘లెట్ ఇట్ బి’ చాలా భాగం 1969 జనవరిలో రికార్డయింది. కాని విడుదలైంది 1970లో, ‘అబీ రోడ్’ తరువాత. చివరి ఆల్బంలో బృందం అలసట వినిపిస్తున్నదని కన్నీరు పెట్టుకునేవారు నిజానికి చివరి ముందుదాన్ని వింటున్నారన్నమాట! విడుదల తేదీ అంగడి తేదీ. దాన్ని సృష్టి తేదీగా భ్రమించడం చారిత్రక దృష్టి కాదు.

ఇక అసలు దోషానికి వద్దాం. రోలింగ్ స్టోన్స్ మొదటి ఆల్బం 1964లో వచ్చింది. బ్రిటిష్ ముద్రణలోని 12 పాటల్లో జాగర్, రిచర్డ్స్‌ల పేరుతో ఉన్నది ఒక్కటే. అధిక భాగం అమెరికన్ నల్లజాతి రచయితలవి. బృందం పేరు సైతం మడ్డీ వాటర్స్ 1950లో పాడిన ‘రోలిన్ స్టోన్’ నుంచి తీసుకున్నదే. ఆ పాట ఈ బృందం స్టూడియో ఆల్బంలలో ఎప్పుడు చేరింది? 2023లో, ‘హాక్నీ డైమండ్స్’ చివరి పాటగా! కేటలాగును నమ్ముకున్నవాడు మనవడితో అరవై ఏళ్ళు స్నేహం చేసి, ఆ తరువాత తాతను పరిచయం చేసుకుంటాడు.

ఎవరీ మడ్డీ వాటర్స్? మిసిసిపీ రాష్ట్రంలో స్టోవాల్ పత్తి తోటలో పనిచేసినవాడు. 1941లో అలన్ లోమాక్స్ అమెరికా జాతీయ గ్రంథాలయం తరఫున అక్కడికే వెళ్ళి ఆయన పాటలు రికార్డు చేశాడు. 1943లో ఆయన షికాగో చేరాడు. దక్షిణాది పొలాల నుంచి ఉత్తరాది కర్మాగారాలకు లక్షల సంఖ్యలో తరలిన నల్లజాతి ప్రజలలో ఆయనొకడు. నగరపు క్లబ్బుల గోలలో వినపడడానికి ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. రాక్ గిటారు మోత వెనుక ఈ వలస ఉంది. ఏ రాక్ బృందం ఆల్బంల పట్టీలోనూ ఇది లేదు.

పట్టీ దాచేది వలసను మాత్రమే కాదు, వ్యాజ్యాలను కూడా. లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బంలో విల్లీ డిక్సన్ పాటలు రెండింటికి ఆయన పేరే వేశారు. అదే 1969లో వచ్చిన రెండో ఆల్బంలోని ‘హోల్ లాటా లవ్’కు మాత్రం బృందంలోని నలుగురి పేర్లే వేసుకున్నారు. మడ్డీ వాటర్స్ పాడిన తన పాటలోని మాటలే ఇందులో ఉన్నాయని డిక్సన్ 1985లో కోర్టుకెక్కాడు. 1987లో రాజీ కుదిరింది. తరువాతి ముద్రణలలో ఆయన పేరు చేరింది. ఇప్పుడు ఆ పేరు చూసిన విద్యార్థి అది మొదటినుంచీ ఉందనుకుంటాడు. దిద్దుబాటు కనిపిస్తుంది, దావా కనిపించదు.

బర్మింగ్‌హామ్ బృందమైన బ్లాక్ సబాత్‌ను వరసగా వినండి. 1971లో వచ్చిన మూడో ఆల్బంలో గిటారు శ్రుతి కిందికి దిగుతుంది. వినేవారు దీన్ని శైలీ వికాసమంటారు. గిటారు వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ యంత్రం కింద రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. తీగలు వదులుగా ఉంటేనే ఆ వేళ్ళకు సుఖం. ఏం మారిందో చెవి చెప్పింది. ఎందుకు మారిందో చెప్పవలసింది కర్మాగారం.

‘కళను కళగా విననివ్వండి, ప్రతిదానికీ పొలాన్నీ కర్మాగారాన్నీ ఎందుకు తెస్తారు?’ అని కొందరంటారు. తెచ్చింది నేను కాదు. ఆ పాటలే వాటిలోంచి వచ్చాయి. కవుల పేర్లూ శతాబ్దాలూ వరసగా వల్లెవేయించి దాన్నే సాహిత్య చరిత్ర అనడాన్ని మనం తరగతి గదుల్లో ఏనాడో ఎదిరించాం. రాయలు లేకుండా పెద్దన లేడనీ, పన్ను కట్టిన రైతు లేకుండా రాయలు లేడనీ చెప్పినవాళ్ళం. గిటారు వినిపించగానే ఆ పాఠం మరచిపోవడమెందుకు?

కేటలాగు అన్న మాటకు ఈనాడు అంగడిలో ఉన్న అర్థం కూడా గమనించాలి. 2020లో బాబ్ డిలన్ తన పాటల హక్కులను యూనివర్సల్ సంస్థకు అమ్మాడు. 2021లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తనవి సోనీకి అమ్మాడు. వ్యాపారుల భాషలో కేటలాగు అంటే ఆస్తి పట్టీ. ఆస్తి పట్టీలో సరిహద్దులు స్పష్టంగా ఉండాలి: ఇది ఇతనిది, అది అతనిది. సంగీతం అలా పుట్టలేదు. ఒకరి గొంతు నుంచి మరొకరి గొంతుకు, తోట నుంచి నగరానికి, నగరం నుంచి సముద్రం దాటి రేవు పట్టణానికి నడిచింది. కళాకారుణ్ణి అతని ఆస్తి పట్టీలో బంధించి, మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా లెక్కపెట్టడం యజమాని చూపుతో వినడమే.

కనుక విద్యార్థులకు నా మాట ఇది. వరసగా వినండి, మానవద్దు. కాని మొదటి ఆల్బం దగ్గర మొదలుపెట్టకండి. దాని మీదున్న రచయితల పేర్లు చదివి, ఆ పేర్లు పట్టుకుని వెనక్కి నడవండి. స్టోన్స్ కన్నా ముందు మడ్డీ వాటర్స్‌ను, జెప్పెలిన్ కన్నా ముందు డిక్సన్‌ను వినండి. విడుదల తేదీ పక్కన రికార్డు చేసిన తేదీ రాసుకోండి. పాట ఎవరిది, డబ్బు ఎవరికి చేరింది అని ప్రతిచోటా అడగండి. మిసిసిపీ పత్తి తోట దాకా వెళ్ళని వినికిడికి ఎన్ని ఆల్బంలు పూర్తిచేసినా చరిత్ర అన్న పేరు చెల్లదు.