గాలియై యాడుకొను బాలురు

మా పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము జరిగిన యొక సాయంకాలము, ఉపన్యాసములు దీర్ఘమగుటచే కాబోలు, ఏడవ తరగతి బాలురు నలుగురు వరండా చివర నొక తండ్రిగారి ఫోను చుట్టు మూగియుండిరి. మేము సడి చేయక వెనుక నిలిచి చూచితిమి. తెరపై నొక పట్టణము కలదు. పట్టణమున నొక సుడిగాలి తిరుగుచున్నది. ఆ సుడిగాలిని ఒక బాలుని బొటనవ్రేలు నడుపుచున్నది. అది మొదట కంచెలను, చెత్తకుండీలను మ్రింగెను. మ్రింగినకొలది లావెక్కెను. పిమ్మట చెట్లు, కార్లు, తుదకు మేడలు. ఒక్కొక్క యిల్లు కూలినప్పుడెల్ల గణగణ గంట మ్రోగి అంకె పెరుగుచుండెను. "ఆస్పత్రి ఒక్కటే మిగిలిందిరా, దాన్ని కూడా లేపెయ్!" అని ప్రక్కవాడు ప్రోత్సహించెను. అట్లు ప్రోత్సహించిన బాలుడు 2024 సెప్టెంబరు నెలలో సింగునగరమున తన యింటి డాబాపై తల్లితో మూడు రాత్రులు గడిపినవాడు.

ఆ యాట పేరు చెప్పము. చెప్పినచో దానికి ప్రకటన మేమే వ్రాసినట్లగును.

ఇట్టి యాటలు నేడు పుట్టినవి కావు. 1989లో అమెరికాలో వెలువడిన సిమ్‌సిటీ యను నాటలో పట్టణమును కట్టుట ముఖ్యమైనను, కట్టిన పట్టణముపైకి వరదను, సుడిగాలిని, భూకంపమును పంపుట కొక పట్టికయే యేర్పరచియుండిరి. 2009లో వచ్చిన టోర్నడో ఔట్‌బ్రేక్ అనుదానిలో ఆడువాడే సుడిగాలి. ఆ పద్ధతియే నేడు చేతి ఫోనులలోనికి దిగి, బిడ్డ అన్నము తినవలెనన్న తల్లి ముందుగ ఫోను చేతికీయవలసిన కాలమున, ప్రతి యింటికిని చేరినది.

మా సహోపాధ్యాయులలో కొందఱు దీనిని వెంటనే నిషేధింపవలె ననిరి. మొదట మాకును అట్లే తోచినది. వరదలో పుస్తకములు, పక్కబట్టలు పోగొట్టుకొన్న బాలుడు ఆస్పత్రి కూలుటకు చప్పట్లు కొట్టుట చూచి మనసు చివుక్కుమన్నది. కాని శిక్షణ కళాశాలలో మేము చదివిన చదువు మమ్ము ఆపినది. ఆట బిడ్డకు వ్యర్థకాలక్షేపము కాదని ఫ్రోబెలు మహాశయుడు బోధించినాడని అచ్చట వల్లించితిమి. వల్లించినదానిని ఒకప్పుడైనను నమ్మవలెను గదా. మఱియు, కృష్ణ యొడ్డున ఇసుకలో గుడులు కట్టి, చీకటి పడగనే కాలితో తన్ని యింటికి పోవని బాలు డెవ్వడు? మేమును తన్నితిమి. ఏమియు చేయజాలని పసివాడు ఒక్క నిమిషము మహాబలుడు కాగోరును. వరదలో మూడు రాత్రులు నిస్సహాయుడై కూర్చున్నవాడు మఱింత గట్టిగ కోరిన కోరవచ్చును. కనుక కూల్చుటయే తప్పని మేమనము. మా యభ్యంతరము వేఱు. ఈ యాట అబద్ధము చెప్పుచున్నది.

మొదటి అబద్ధము శాస్త్రమునకు సంబంధించినది. ఆటలోని గాలి ఇండ్లను మ్రింగి బలియును. మన తీరమునకు వచ్చు తుపాను అట్లు బలియదు. దాని ఆహారము వెచ్చని సముద్రజలము. ఇరువదియాఱు డిగ్రీలకు పైబడిన వేడిగల నీటినుండి లేచిన ఆవిరి పైకిపోయి చల్లబడి నీరగునప్పుడు విడుచు వేడిమియే దానిని త్రిప్పుచుండును. నేల నెక్కినతోడనే ఆహారము తెగి క్షీణించును. కృష్ణాజిల్లా బాలునకు ఇది తప్పక తెలియవలసిన సంగతి.

రెండవది, మన సీమలో ఎక్కువమందిని చంపినది గాలి కాదు, నీరు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై సముద్రము విరుచుకొనిపడినప్పుడు సుమారు ముప్పదివేలమంది మడిసిరి. రాబర్టు నోబులు దొర 1843లో స్థాపించిన పాఠశాల అప్పటికే ఆ పట్టణమున నుండెను. తిరుగ 1977 నవంబరు 19వ తేదీన, మేమింకను పుట్టకమునుపు, దివిసీమకు ఉప్పెన వచ్చెను. సుమారు అయిదు మీటర్ల యెత్తున లేచిన నీరు క్రోసులకొలది లోనికి చొచ్చుకొనివచ్చి, సొర్లగొంది మొదలగు పల్లెలను తుడిచిపెట్టెను. మృతులు పదివేలకు తక్కువ గారు. గాలి సముద్రమును త్రోయును. తీరమున సముద్రము లోతు తక్కువ. డెల్టా నేల పళ్లెమువలె చదునైనది. త్రోయబడిన నీటికి నిలుచు చోటు లేదు. ఇంతే దాని రహస్యము. ఇది తెలిసినపిమ్మట ఏమి జరిగినదో చూడుడు. 1990 మే నెలలో అంతటి తీవ్రమైన తుపాను మఱల ఈ తీరమునే తాకినది. కాని ముందుగ హెచ్చరిక లంది, లక్షకు మించిన జనమును పల్లెలనుండి తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోపుగ నిలిచినది. వేయియు చిన్న సంఖ్య కాదు. అయినను, పదివేలకును వేయికిని నడుమ నున్నవారందఱును బ్రతికిపోయిన మనుష్యులే. గాలియై యాడువానికి ఈ అంకె యెక్కడను కనబడదు. వాని తెరపై కూలినవే లెక్క.

పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" కథకు 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండవ బహుమతి వచ్చినదని మా పై తరగతులవారికి తెలియును. ఆ కథలో గాలికి మాట లేదు. గాలి క్రింద చిక్కిన రావుగారును, రైలులో యాచించుకొను నొక స్త్రీయును కలరు. గాలివానను గూర్చి తెలుగువాడు వ్రాయదలచినప్పుడు మనిషి ప్రక్కన నిలిచి వ్రాసినాడు. యంత్రపు టాట గాలి వీపుపై కూర్చుండబెట్టును. అంత యెత్తునుండి చూచినచో ఇండ్లు కనబడునుగాని యింటివారు కనబడరు. నిజమునకు ఆ తెరపై పట్టణమున ఒక్క మనిషియు మాకు కనబడలేదు.

ఇక మూడవ అబద్ధము మాకు అన్నిటికంటె భారముగ తోచినది. ఆటలో నాశనమంతయు గాలి చేసినదే. 2024 వరదప్పుడును పలువురు "అంతా దేవుడి చేత" అని చేతులు దులుపుకొనిరి. ఏలీయా కథ నెఱిగిన మా బాలురకు, గాలి యెంత గొప్పదైనను ఆ గాలిలో దేవుడు లేడని వేఱుగ చెప్పనక్కఱలేదు. వాన దైవికమే కావచ్చును. ఆ దినములలో కృష్ణకు వచ్చిన వరద మునుపెన్నడు ప్రకాశం బ్యారేజీ చూడనిది: 11.43 లక్షల క్యూసెక్కులు. 1855 నాటికి ముగిసిన పాత ఆనకట్ట 1952లో తెగగా, 1957 నాటికి కట్టిన ఈ బ్యారేజీ ఆ నీటిని భరించినది. బెజవాడను ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. బుడమేరు తన పాతదారిని కొల్లేటికి పోవలెనన్న, ఆ దారి యేనాడో యిరుకైపోయినది. గట్లు తొలిచినవారు, ఏటిగర్భమును స్థలములుగ కోసి అమ్మినవారు, చవుకని కొన్నవారు, చూచి చూడనట్లున్నవారు, చెత్త తెచ్చి పోసినవారు, వీరందఱును కలిసి ఆడిన యాట అది. ఎవ్వరి చేతిలోను ఫోను లేదు.

కనుక మేము నిషేధింపక వేఱొక పని చేసితిమి. మఱుసటి వారము భూగోళపాఠమున బల్లలను ప్రక్కకు జరిపి, నేలపై సుద్దతో పటము గీసి, "గాలి ఆట చాలు, ఈ పూట బుడమేరు ఆట" అంటిమి. ఒకడు కృష్ణ. ఒకడు కొల్లేరు, వాడు మూలను హాయిగ కూర్చుండెను. ఇద్దఱు వెలగలేరు రెగ్యులేటరు తలుపులు. మిగిలినవారు తమ బల్లలను తెచ్చి, తమ తమ యిండ్లు ఎచ్చటనున్నవో అచ్చట నుంచిరి. బుడమేరు వేషము ఆనాడు ఫోను ప్రక్కన నిలిచి ప్రోత్సహించిన బాలునికే యిచ్చితిమి.

వాడు మైలవరము కొండలనుండి ఉత్సాహముగ పరుగెత్తి వచ్చెను. వెలగలేరు వద్ద తలుపులవారు, "నువ్వు మళ్లింపు కాలవలోంచి కృష్ణలోకి పో" అనిరి. ఇబ్రహీంపట్నము వద్దకు పోగా కృష్ణ రెండు చేతులు చాచి, "నేనే నిండిపోయాను, నీకు చోటెక్కడిది?" అనెను. వాడు వెనుకకు వచ్చెను. నిలువ చోటు లేదు. కాలువగట్టుగ నిలిచిన బాలుని త్రోసికొని గండి కొట్టి, కొల్లేటివైపు సింగునగరములోనికి దిగెను. అచ్చట ఆగిపోయెను.

"పోవేమిరా?" అంటిమి.

"మాస్టారూ, ఇక్కడ మా యిల్లుందండి. పక్కనుంచి పోనా?"

"పక్కన దారి లేదురా, అవి మా యిళ్లు" అని యింకొకడు అనెను.

వాడు అటునిటు చూచుచు గంట మ్రోగువఱకు అక్కడనే నిలిచియుండెను. ఆనాడు మేము ప్రత్యేకముగ ఏమియు బోధింపలేదు. తరువాతి రోజున వాడు తన వీధిని, మురుగుకాలువను, అది యెచ్చట పూడినదో కాగితముపై గీచి తెచ్చి బల్లపై నుంచి పోయెను. పటము సరిగనే యున్నది. దిక్కులు మాత్రము తలక్రిందులుగ గుర్తించినాడు.

ఇప్పుడు తొమ్మిదవ తరగతివారు 1977 ఉప్పెనను ఇట్లే ఆడదలచి తొందరపెట్టుచున్నారు. మాకు పుస్తకజ్ఞానమేగాని ఆ రాత్రి తెలియదు. మా విద్యార్థుల కుటుంబములలో నాగాయలంక, కోడూరు ప్రాంతముల నుండి వచ్చిన తాతగార్లుగాని నాయనమ్మలుగాని యున్నచో, ఏదేని శుక్రవారము మధ్యాహ్నము పాఠశాలకు దయచేసి, నీరు ఎటునుండి వచ్చినది, ఏ చెట్టు నిలిచినది, ఎవరు దేనిని పట్టుకొని తెల్లవాఱువఱకు నుండిరి, బాలురకు చూపవలెనని కోరుచున్నాము. నేలపై పటము మేము గీసియుంచెదము. కుర్చీ వేయించెదము.