నా బండి, నా లైటు

సాహిత్య పత్రికలో హెడ్‌లైట్ల గొడవేంటని అడగొచ్చు. వెలుగు అనే మాటని మనం ఇంత గుడ్డిగా ప్రేమించడానికి సాహిత్యం కూడా ఓ కారణం కాబట్టి ఇక్కడే మాట్లాడాలి. మన కవిత్వంలో చీకటి ఎప్పుడూ దోషి, వెలుగు ఎప్పుడూ వరం. ఎంత వెలుగు, ఎటువైపు, ఎవరి కళ్ళలోకి అని అడిగిన కవి నాకైతే తగల్లేదు. కార్ డెకార్ షాపువాడు ఈ భక్తి మీదే బేరం చేసుకుంటున్నాడు.

పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు ఆ షాపుల్లో వినిపించే మాట ఇది: “అన్నా, హెచ్ఐడీ ఎయ్యి. పగటి లెక్క కొడ్తది.” పాత హాలోజన్ బల్బు పీకి, అదే రంధ్రంలో కొత్తది దూర్చి, బానెట్ కింద బల్లాస్ట్ అనే చిన్న డబ్బా బిగిస్తారు. దీనికి అప్‌గ్రేడ్ అని పేరు. ఎదుటివాడి చూపు లాక్కుని మన చూపుకి కలుపుకోవడాన్ని నేనైతే అలా పిలవను.

కాస్త ఇంజనీరింగు భరించండి. హాలోజన్‌లో వెలిగేది సన్నని తీగ. హెచ్ఐడీలో తీగ ఉండదు, బల్లాస్ట్ ఇచ్చే ఇరవై వేల వోల్టుల పైచిలుకు దెబ్బకి జెనాన్ వాయువులో ఆర్క్ పుడుతుంది. 55 వాట్ల హాలోజన్ లో బీమ్ సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తే, 35 వాట్ల హెచ్ఐడీ 3000 చుట్టుపక్కల ఇస్తుంది. కనిపెట్టినవాళ్ళకి దండం పెట్టాల్సిందే. కానీ 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో అది వచ్చినప్పుడు దానికోసమే తయారైన అసెంబ్లీతో వచ్చింది. తర్వాత యూరప్ నియమాల్లో 2000 ల్యూమెన్లు దాటే లో బీమ్‌కి, బండి బరువుని బట్టి తనంతట తానే తల వంచే ఏర్పాటూ, అద్దం కడిగే ఏర్పాటూ తప్పనిసరి చేశారు. మన షాపులో అమ్మేది బల్బూ, డబ్బా మాత్రమే.

అసలు కథంతా హెడ్‌లైట్ అసెంబ్లీలో ఉంది. చిన్న కార్లలో తరచుగా కనిపించే హెచ్4 బల్బులో లో బీమ్ తీగ కింద ఓ బుల్లి లోహపు దొప్ప ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగం మీదకి వెలుగు పోకుండా అది ఆపుతుంది. దానివల్లే కాంతి ఒక గీత దగ్గర ఆగిపోతుంది. గీత కింద రోడ్డు, గీత పైన ఎదుటివాడి కళ్ళు. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ తీగ ఎక్కడుందో లెక్కేసి చేసింది. ఆర్క్ ఆకారం వేరు, కూచునే చోటూ కచ్చితంగా అది కాదు. గీత చెదిరిపోతుంది. మూడింతల వెలుగు, హద్దు లేకుండా. సాకెట్లో పట్టింది కదా అంటారు. కంపైల్ అయింది కదా అని కోడ్‌ని ప్రొడక్షన్‌కి తోసేవాణ్ణి మా ఆఫీసులో ఏమంటారో ఇక్కడ రాయలేను.

ఆ గీత ముక్కూమొహం తెలీని ఇద్దరి మధ్య ఒప్పందం. ఒకప్పుడు లారీల హెడ్‌లైట్ల పై సగానికి నల్లరంగు పూసేవాళ్ళు. మోటు పనే, కానీ ఎదురుగా ఒక మనిషి వస్తాడన్న ఎరుక అందులో ఉంది.

65వ నంబరు జాతీయ రహదారి మీద డివైడరుంది, కొంత నయం. ఇస్నాపూర్ దగ్గర పాశమైలారం వైపు తిరగండి. బొల్లారం, గడ్డపోతారం లోపలి రోడ్లకి రండి. రాత్రి షిఫ్టు మారే వేళ అక్కడ ఎవరుంటారు? సైకిళ్ళ మీద, కాలినడకన గదులకి పోయే కార్మికులు. వాళ్ళలో ఎందరో బీహార్ నుంచీ, ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళు. కారువాడి కళ్ళు బైర్లు కమ్మితే తిరిగి డిప్పర్ కొడతాడు, బూతులు తిడతాడు, రేపు తనూ కిట్ వేయించుకుంటాడు. సైకిలువాడు ఏం కొడతాడు? రోడ్డు దిగి మట్టిలోకి పోతాడు, అక్కడ గుంటుందో ఆగిన లారీ ఉందో తెలీకుండానే. 60 కిలోమీటర్ల వేగంలో బైకు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను తేరుకోడానికి మూడు సెకన్లనుకున్నా, యాభై మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. ఆ యాభై మీటర్లలో నడుస్తున్న మనిషి ఎవరికీ కనపడడు.

“వీధి దీపాల్లేవు, బర్లు అడ్డమొస్తయ్, టెయిల్ లైటు లేని ట్రాలీలు ఆగుంటయ్, మమ్మల్ని సావమంటవా?” న్యాయమైన ప్రశ్నే. అయితే ముందు పసుపెక్కిన హెడ్‌లైట్ అద్దాన్ని పాలిష్ చేయించండి. పాత బండి వైరింగులో వోల్టేజి 10 శాతం పడితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది, రిలే పెట్టి వేరే వైరు లాగించండి. గోడ ముందు బండి నిలిపి బీమ్ ఎత్తు సరిచేయించండి. ఇవన్నీ దొరికే పనులే, ఎవడూ చేయించడు. ఎందుకంటే పక్కవాడికి కనపడవు. కిట్లలో 4300 కెల్విన్‌ది ఎక్కువ వెలుగిస్తుంది, మనవాళ్ళు మోజుపడేది తక్కువిచ్చే 8000 నీలం మీద. చూడ్డం కోసమే అయితే ఆ నీలం ఎందుకు బాబూ?

చట్టం లేదా అంటే ఉంది. 2019 సవరణ ప్రకారం చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకీ యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. హెల్మెట్ లేనివాణ్ణి కెమెరా ఫోటో తీస్తుంది. నంబరు ప్లేటే కనపడనంత మెరిసేవాణ్ణి ఏ కెమెరా తీస్తుందో.

ఇప్పుడు మోజు ఎల్ఈడీ కిట్ల మీదకి మళ్ళింది. అసెంబ్లీ మాత్రం ఆ హాలోజన్‌దే. వేయించుకున్నవాళ్ళని ఒకటే అడుగుతాను. ఇవాళ రాత్రి దీపాల్లేని చోట బండి ఆపి, లో బీమ్ వేసి, ఓ ముప్పై అడుగులు ముందుకి నడిచి, సైకిలు మీద కూచున్న మనిషి కళ్ళ ఎత్తు నుంచి మీ కారుని చూడండి.